తాడు గెంతే నర్సు పిన్ని

ఉక్కు కార్ఖానా పనివాళ్ళుండే బర్మామైన్స్‌లో, మా క్వార్టర్ల వరస చివరింట్లో ఒక నర్సు ఉండేది. నలభై దాటిన భారీ మనిషి. ఆస్పత్రిలో కాలిన గాయాల వార్డులో పని. పిల్లలందరం పిన్నీ అని పిలిచేవాళ్ళం.

కొన్ని సాయంత్రాలు డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా నేరుగా మేము ఆడుకునే చోటికి వచ్చేది. "ఇలాగియ్యండే" అని మా స్కిప్పింగు తాడు తీసుకుని, తెల్లచీర కుచ్చిళ్ళు పైకి దోపి, ఊపిరి అందనిదాకా గెంతేది. తర్వాత మొహం తుడుచుకుని మామూలుగా వెళ్ళిపోయేది. మొదట్లో నవ్వేవాళ్ళం. ఆవిడ గెంతిన రోజున వార్డులో ఎవరో పోయి ఉంటారని పెద్దవాళ్ళ మాటల్లో విన్నాక నవ్వడం మానేశాం.

ఒక ఎండాకాలం నా స్నేహితురాలి నాన్న కొలిమి దగ్గర ఒళ్ళు కాలి ఆ వార్డులోనే చేరాడు. చాలా రోజులు పిన్ని మా వైపు రాలేదు. ఒక సాయంత్రం వచ్చి, నా స్నేహితురాలి ముందు చెయ్యి చాపింది. అది తాడు వీపు వెనక దాచేసింది.

"నేనివ్వను. నువ్వు గెంతొద్దు పిన్నీ" అంది.

పిన్నికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక దాని భుజాలు పట్టుకుంది.

"ఓసి పిచ్చిదానా, మీ నాన్న ఇయ్యాల నా సేత్తో గంజి తాగేడే. నీకా మాట సెప్దారనే వచ్చేను."

"సచ్చీ? నిజంగానా?" అని అది ఇంటికి పరిగెత్తింది.

పిన్ని మాత్రం అక్కడే మెట్టు మీద కూలబడి, మా ఎదుటే ఏడ్చింది. పోయినవాళ్ళ కోసం ఆవిడ ఏడవగా మేమెప్పుడూ చూడలేదు.