రెండు చందమామల లోకంలో వంగిన మోకాలు

2009 వేసవి. జహనుమా బస్తీలో మా ఫిజియోథెరపీ క్లినిక్ అంటే ఒక గది, రెండు మంచాలు, నడక నేర్పే ఇనుప కడ్డీలు. మధ్యాహ్నం తడిపిన వట్టివేళ్ల తెర గుండా మసక వెలుతురు పడేది.

పద్మ ఆ వీధి ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ టీచర్. బస్సు దిగుతూ పడితే మోకాలి చిప్ప విరిగింది. ఆపరేషన్ తర్వాత ఎముక అతికింది గాని మోకాలు వంగలేదు. ఆమె తరగతి మూడో అంతస్తులో. జూన్‌లో బడి తెరిచేనాటికి మెట్లెక్కలేకపోతే వేరే టీచర్ని పెట్టుకుంటామని యాజమాన్యం చెప్పేసింది.

మెట్లెక్కాలంటే మోకాలు తొంభై డిగ్రీలు వంగాలి. కీలు ఎంత వంగిందో కొలిచే గోనియోమీటర్ యాభై ఐదు దగ్గరే ఆగింది. దీన్ని గార్డింగ్ అంటాం: నొప్పి వస్తుందన్న భయంతో, మనకు తెలియకుండానే కండరం బిగుసుకుపోవడం.

ఆమె చేతిలో ఎప్పుడూ ఒక కాగితాల కట్ట ఉండేది. జపాన్ నవలలకు ఎవరో ఇంగ్లిష్‌లో చేసి ఇంటర్నెట్‌లో పెట్టిన అనువాదాలు. నేనూ కొన్ని పేజీలు తిరగేశాను. ఒక గుమస్తా లారీ కింద పడి చనిపోతాడు, రెండు చందమామలున్న లోకంలో కళ్లు తెరుస్తాడు. నాకు ఒళ్లు మండింది. పునర్జన్మ బూటకమని ఊరూరా వేదికలెక్కి వాదించినవాణ్ని. అదే సరుకు కొత్త పొట్లంలో నా క్లినిక్‌లోకే వచ్చింది. కట్ట లాక్కుని అలమారలో పెట్టేశాను. మోకాలినే చూడమన్నాను, డిగ్రీలు లెక్కపెట్టమన్నాను.

పది రోజులు గడిచాయి. యాభై ఐదు కాస్తా యాభై అయింది.

పదకొండో రోజు ఆమె కాలు వెనక్కి లాక్కుంది. "చూస్తుంటే ఇంకా భయమైతుంది సార్. గా కట్ట ఇయ్యుండ్రి."

"చచ్చి ఇంకో లోకంలో పుడతారని నమ్ముతున్నావా అమ్మా?"

"నమ్ముతున్న అని ఎవరన్నరు? చదువుతున్న, గంతే. సినిమాల వాన పడితే మీరు గొడుగు తెరుస్తరా ఏంది?"

పక్క మంచం మీద భుజం నొప్పితో పడుకున్న పెద్దాయన నవ్వేశాడు. అలమార తెరిచి కట్ట ఆమె చేతికిచ్చాను. ఆ కథేదో నాకూ చెప్పమన్నాను.

కళ్లు మూసుకుని చెప్పింది. ఆ గుమస్తాకు కత్తి తిప్పడం రాదు, కాగితాలు సర్దడమే వచ్చు. ఆ విద్యతోనే పాడుబడిన ఒక పట్టణాన్ని నిలబెడతాడు. సాయంత్రమయ్యేసరికి అక్కడి నది ఎగువకు పారుతుంది. చేపలు దీపాల్లా వెలుగుతాయి. ఒక చందమామ అస్తమిస్తే రెండోది పొడుస్తుంది. ఆమె గొంతు వింటుంటే నా గదిలో ఆ నది చల్లదనం పరుచుకున్నట్టనిపించింది. నా అరచేతి కింద తొడ కండరం మెల్లగా సడలింది. కొలిచాను: అరవై ఎనిమిది. ఆమెకు చెప్పలేదు. "తర్వాత?" అన్నాను.

అలా రోజుకొక అధ్యాయం. మే చివరికి తొంభై రెండు దాటింది.

జూన్‌లో ఆమె వెనకే నేనూ బడి మెట్లెక్కాను. రెండో అంతస్తులో ఆగింది. నొప్పా అని అడిగాను.

"నాకేం లేదు సార్. మీకే ఆయాసమొస్తుంది, జర నిలబడుండ్రి."

ఇందులో మహిమేమీ లేదు. మనసు వేరేచోట ఉంటే కండరం కాపలా మానేస్తుంది. కాని నమ్మకాన్ని నిలదీసే ఊపులో ఊహను కూడా మెడపట్టి గెంటేస్తున్నానని నాకు ఆ వేసవే తెలిసింది. ఇప్పుడు ఎవరి మోకాలు పట్టుకున్నా, ముందు వాళ్లకిష్టమైన కథ అడుగుతాను.