పూతమీద అమ్మిన చెట్టు

నూజివీడు చూడ్డానికని మా ఇంటికొచ్చే చుట్టాలు చూసేవి మూడే. వచ్చే దారిలో బెజవాడ కొండమీద అమ్మవారు, కింద కొత్తగా కట్టిన బ్యారేజీ, ఊళ్ళోకొచ్చాక జమీందారుగారి కోట. ఆపైన బుట్టెడు మామిడి రసాలు కట్టించుకుని బస్సెక్కడమే. అక్కడికి అంతా చూసేసినట్టే! ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు నాకు పదేళ్ళు. ఎండాకాలం సెలవులకి మద్రాసు నుంచి మేనత్త, ఆవిడ కూతురూ వచ్చారు. ఆ పిల్ల నాకంటే రెండేళ్ళు పెద్ద, వదిన వరస. ఆ మూడూ చూసేసి, మా అరుగుమీద కూచుని కాళ్ళూపుతూ, "ఇంతేనా మీ ఊరు? మాకైతే బీచి ఉంది, జూ ఉంది, లైట్‌హౌసు ఉంది," అంది.

"రేపు మధ్యాహ్నం నాతో రా, అప్పుడు మాట్లాడు," అన్నాను. తోట తప్ప నా దగ్గర ఇంకేముంది చూపించడానికి?

తోట మాదేగాని, ఆ వేసవిలో దాని కాపు మాది కాదు. మా వైపు తోటల్ని పూతమీదే అమ్మేస్తారు. పూత చూసి షావుకారు బేరం కుదుర్చుకున్నాడంటే, కాయ దిగేదాకా చెట్లు ఆయనవే. ఇంటివాడకానికి పెరటివైపు మూడు చెట్లు మాత్రం ఉంచుకుంటాం. బేరంనాడు నాన్న షావుకారుతో అన్న మాట, మజ్జిగ గ్లాసులు పట్టుకుని నిలబడి నేను విన్నాను. "ఇవాళ్టి నుంచి మా ఇంటి చెయ్యి మీ చెట్టుమీద పడదండీ." నాన్న ఏ బేరానికీ కాగితం రాసి ఎరగడు. ఆయనకి ఉన్నదల్లా నోటిమాటే.

మర్నాడు పెద్దవాళ్ళు భోజనాలు చేసి కునుకు తీస్తుంటే ఇద్దరం బయల్దేరాం. దారిలో ఇసక కాళ్ళు కాలుస్తోంది. తోటలో అడుగుపెట్టేసరికి ఎండ ఎటు పోయిందో పోయింది. పచ్చటి మసకవెలుతురు, కింద మెత్తగా ఏళ్ళనాటి ఆకు. జీడివాసన, ఎక్కడో మాగుతున్న పండు వాసన, రెండూ కలిసి నిద్రమత్తులా కమ్ముకున్నాయి. ఎంతసేపు నడిచామో తెలీదు. ఏదో కొమ్మమీద ఒక పిట్ట అరిచి ఊరుకునేది. దూరంగా ఒక కాయ ఆకుల్లో రాలిన చప్పుడు వినిపించేది. వదిన మాట్లాడ్డం మానేసింది. నా చెయ్యి పట్టుకుంది. ఈ లోకంలో మేమిద్దరమే ఉన్నట్టనిపించింది, అది నాకెంతో బాగుంది.

తోట నడిమధ్య పెద్దరసం చెట్టు. దాని కింద షావుకారు పెట్టిన కావలిమనిషి, మేం తోట మామ్మ అని పిలిచే ముసలావిడ, చాపమీద కూచుని ఉంది. చెట్టున మొదటి పండు పండితే తోట కోతకొచ్చినట్టు లెక్క. ఆ పండు చూసి కోతకి రోజు పెట్టుకోవాలని షావుకారు ఆ కొమ్మకి ఎర్రగుడ్డ పీలిక కట్టించాడు. చేతికందే ఎత్తులో, పసుపు తిరిగి, ఆ పండు నిండుగా వేలాడుతోంది.

"అమ్మాయిగారూ, కాస్త ఇటు చూస్తా ఉండండి, బిందె ముంచుకొస్తాను," అని మామ్మ బావికి వెళ్ళింది.

వదిన ఆ పండునే చూస్తోంది. "చెట్టుమీద పండిన పండు నేనెప్పుడూ తిన్లేదే," అంది.

తెలిసే చేశాను. తెలీక చేశానని చెప్పుకుంటే కళ్ళు పోతాయి. కోశాను, తొడిమ తుంచి సొన పిండేశాను, అరచేతుల మధ్య మెత్తబరిచి వదినకిచ్చాను. రసం మోచేతులదాకా కారుతుంటే ఆ పిల్ల కళ్ళు మూసుకుని జుర్రుకుంది. టెంక చీకి, అలాగే ఆకులమీద వెనక్కి వాలి నవ్వింది. ఆ నవ్వు చూసి నేను గెలిచాననుకున్నాను.

మామ్మ వచ్చి ఖాళీ కొమ్మ చూసింది. "ఎంత పని చేశారండీ అమ్మాయిగారూ!" అని నోరు నొక్కుకుంది. తర్వాత ఆ బిందెలో నీళ్ళతోనే వదిన చేతులు కడిగి, "చిలక కొట్టిందని చెప్తాలెండి," అంది.

సాయంత్రం షావుకారు మామ్మని వెంటబెట్టుకుని మా అరుగుదగ్గరికొచ్చాడు. "చిలక తొడిమ కూడా తుంచుతుందా? రేపట్నించి నువ్వు రానక్కర్లేదు," అంటున్నాడు. మామ్మ తల దించుకుని చిలకే అంటోంది. "ఆవిడ అలాంటి మనిషి కాదండీ," అంటున్నాడు నాన్న. నేను తలుపు చాటున బిగుసుకుపోయాను. నా మూలంగా ఆవిడ కూడు పోతోంది, అయినా నేను బయటికి రాలేదు.

అప్పుడే జడ వేయించుకుని వదిన బయటికి పరుగెత్తింది. "మామయ్యా! మద్రాసులో ఎన్ని ఉన్నా ఇలాంటిది లేదు. చెట్టునున్న పండు మీ అమ్మాయి కోసిచ్చింది. అంత తీపి నేనెప్పుడూ ఎరగను. నేనింకా నాలుగు రోజులుంటా!"

నాన్న లేచాడు. భుజంమీద కండువా తీసి చేత్తో పట్టుకుని, షావుకారుకి రెండు చేతులూ జోడించాడు. "నా మాట పోయిందండీ. ఆవిణ్ణేమీ అనకండి."

"అయ్యో, చిన్నపిల్లలండీ, మీరలా అనకూడదు," అని షావుకారే కంగారుపడి, మామ్మని మర్నాడు రమ్మని చెప్పి వెళ్ళిపోయాడు.

నాన్న నన్ను కొట్టలేదు. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. పది రోజులకి మా ఇంటి చెట్ల కాయలు మాగాయి. పూటకి నాలుగు రసాలు తినే మనిషి, ఆ ఏడు ఒక్క పండు ముట్టలేదు. అమ్మ కంచంలో వేసిన పండు తీసి, తనే మెత్తగా పిసికి, పక్కన కూచున్న నా కంచంలో పెట్టేవాడు. సీజనంతా, ప్రతిపూటా, కళ్ళనీళ్ళు మింగుతూ నేను అది తినేదాన్ని.