ఆంటీ గోత్రం

ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో నేనూ మావారూ కాంట్రాక్టు ఉద్యోగాలు చేసిన రోజుల్లో ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లో పైభాగం అద్దెకు తీసుకున్నాం. ఆవిణ్ణి ఆంటీ అనేదాన్ని. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. స్టీవెనేజ్‌లో ఒక్క అన్నగారు. మిగతా బంధువులంతా ఎప్పుడో పోయినవాళ్లే. శనివారం వస్తే చాలు, పాత రికార్డుల్లో వాళ్లను వెతుక్కుంటూ బయలుదేరేది.

వాళ్ల నాన్న ఐర్లండ్ నుంచి కూలిపనికి వచ్చినవాడు. ఐరిష్‌వాళ్లంటే గదులు కూడా అద్దెకివ్వని కాలం. బళ్లో పిల్లలు వెక్కిరించారని అన్నగారు ఒకరోజు ఏడుస్తూ ఇంటికొస్తే, నాన్న పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడట: "మనం అసలు ఫ్రెంచివాళ్లంరా. మతం కోసం దేశం వదిలి ఐర్లండ్ చేరిన హ్యూగనాట్లం. దొరలకు పట్టుబట్టలు నేసినవాళ్లం." ఆ ఒక్క మాట పట్టుకుని అన్నగారు బతుకంతా తలెత్తుకు తిరిగారు. ఏదో దుకాణంలో కొన్న ఫ్రెంచి వంశచిహ్నానికి పటం కట్టించి హాల్లో తగిలించారు. ఇప్పుడాయనకు గుండె జబ్బు. ఎనభయ్యో పుట్టినరోజుకల్లా ఆ మాటకు రుజువు తెచ్చిపెట్టమని చెల్లెల్ని అడిగారు.

ఆవిడ పట్టుదల చూస్తే నాకు ముచ్చటేసేది. ఐర్లండ్ పాత రికార్డులు చాలావరకు యుద్ధంలో తగలబడిపోయాయట. అయినా వదల్లేదు. ఆ మోకాళ్ల నొప్పులతోనే అక్కడికి వెళ్లి, చర్చిల వెనక వానలో వంగి సమాధిరాళ్లు చదివి వచ్చేది. వాళ్ల ఇంటిపేరుతో కలిసే ఫ్రెంచి పేరు ఒకటి దొరికినప్పుడు ఆవిడకంటే నేనే ఎక్కువ ఎగిరాను. "ఇంటిపేరు కలిసినంత మాత్రాన మా తాత అయిపోడు," అని ఆవిడ దాన్ని పక్కన పెట్టేసింది.

నాకు తిక్కరేగింది. "ఇంత దేనికాంటీ? మాది భారద్వాజ గోత్రం. వేల ఏళ్ల నాటి ఋషి. పుట్టినప్పటి నుంచీ తెలుసు."

"రుజువు?"

"రుజువేమిటి, మా నాన్న చెప్పారు."

"మా నాన్నా చెప్పాడు."

ఊరుకోవచ్చుగా, పెళ్లయ్యాక మాది కౌండిన్య గోత్రం అయిందని కూడా చెప్పాను. "ఋషినే మార్చేశారా!" అని ఆవిడ టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

పుట్టినరోజుకు ముందు అన్నగారి పేరున అర్చన చేయిద్దామని ఆవిణ్ణి వెంబ్లీలో ఒక గుడికి తీసుకెళ్లాను. పూజారిగారు గోత్రం అడిగారు. "కాశ్యప అని చెప్పండి," అన్నాన్నేను, "గోత్రం తెలియనివాళ్లందరికీ అదే."

"అంటే తెలియదని చెప్పుకున్నా మీ దేవుడు వెనక్కి పంపడన్నమాట," అంది ఆవిడ.

ఆ ఆదివారం పుట్టినరోజుకు స్టీవెనేజ్ వెళ్తుంటే కార్లో నేనే నసపెట్టాను. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు, ఒక్క అబద్ధంతో పెద్దాయన సంతోషిస్తారు కదా అని.

కేకు కోయగానే అన్నగారు అడిగారు, "దొరికారా?"

"ఐదు తరాలు దొరికాయి. ఆపైన తెలియదు. ఫ్రెంచివాళ్లు కావచ్చు, కాకపోవచ్చు."

"నాన్న అబద్ధమాడాడంటావా?"

"నాకు తెలియదంటున్నాను. దొరికినవాళ్ల సంగతి చెప్పనా?"

ఆయన వద్దనలేదు. ఆవిడ చెప్పింది. నారబట్ట నేసుకుని బతికిన ఒకాయన. బంగాళాదుంపలు కుళ్లిపోయిన కరువులో అతను పోతే, ఊళ్లోవాళ్ల బట్టలుతికి నలుగురు పిల్లల్ని బతికించుకున్న అతని భార్య. ఆ నలుగురిలో ఒకడి మనవడే వాళ్ల నాన్న.

అన్నగారు గోడ మీది పటం వైపు చూస్తూ ఉండిపోయారు. నాకు భయమేసింది. ఆంటీ మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చుంది. అంతమంది కోసం అంత తిరిగి, తెలియనిది తెలియదని సొంత అన్న ముందు చెప్పిన ఆ మనిషికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

"ఆ బట్టలుతికినావిడ గురించి మళ్లీ చెప్పు," అన్నారాయన.

మళ్లీ చెప్పింది. ఈసారి ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"నాన్నకు ఈవిడ సంగతి తెలిసుంటే," అన్నారు, "నా ఏడుపు మాన్పించడానికి ఫ్రాన్స్ దాకా వెళ్లేవాడు కాదు."