చెల్లె మీద చెప్పిన చాడీ

మొన్న మనవరాలికి సూది వేయించడానికి వెళ్తే, ఆ స్పిరిట్ వాసనకు మందమర్రి రోజులు గుర్తొచ్చాయి.

అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. బాపు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు. నాకప్పుడు పదేళ్ళు, చెల్లె శాంతకు ఎనిమిది. ఆ ఎండాకాలం శాంత చెంబులకొద్దీ నీళ్ళు తాగేది. ఎంత తిన్నా చిక్కిపోతూనే ఉండేది. దిష్టి తగిలిందని అవ్వ తాయెత్తు కట్టించింది. శాంత మూత్రం పోసిన చోట చీమలు బారులు కట్టడం నేను చూశాను. బెల్లం దొంగతనంగా తింటోందనుకున్నాను.

చివరికి అవ్వా బాపూ శాంతను దవాఖానకు తీసుకువెళ్తే, నేనూ వెంటపడి వెళ్ళాను.

"సారూ, గిది బెల్లం దొంగ! ఒంటికి పోయిన కాడ అన్నీ చీమలే" అని డాక్టరుకు చాడీ చెప్పాను.

అవ్వ నా నెత్తిన మొట్టింది. డాక్టరు మాత్రం గబుక్కున లేచాడు. శాంత మూత్రాన్ని నీలంరంగు మందులో కలిపి కాచాడు. అది ఇటుకరంగుకు తిరిగింది, అంటే మూత్రంలో చక్కెర ఉన్నట్టు.

"షక్కర్ బీమారి. ఇంకొన్ని దినాలైతే పిల్ల దక్కకపోతుండె. నీ పెద్దబిడ్డనే పట్టిచ్చిందయ్యా!" అన్నాడు బాపుతో.

ఆ రోజే ఇన్సులిన్ సూదులు మొదలయ్యాయి. వానలు పడేనాటికి శాంత ఒళ్ళు చేసింది. బడికి పరుగుపందెం వేసుకుంటే నన్ను దాటిపోయి, "అక్కా, ఓడిపోయినవ్!" అని అరిచింది.

ఓడిపోయి అంత గర్వపడటం నా జీవితంలో అదొక్కసారే.