ఐదో కొండ బాకీ

ఒక ఊరి జనమంతా చేతికందిన రాయి పట్టుకుని మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టారా? ఆ ఊరు మీ మేనమామ ఊరై, ఆ రాళ్ళలో మొదటిది మేనమామే విసిరి, ఆ మేనమామ కూతుర్నే మీరు పెళ్ళాడాలనుకుంటూ ఉంటే ఎలా ఉంటుందో ఊహించగలరా? ఊహించలేకపోతే మీరు అదృష్టవంతులు. చెప్తాను, కూర్చోండి. నవ్వొస్తే నవ్వండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

తొంభైల చివరి సంగతి. మాది తనకల్లు వైపు ఒక మెట్ట పల్లె. ఆ ఏడు ఆషాఢం సగం గడిచినా చినుకు లేదు. శెనక్కాయ విత్తనాలు వలిచి మూటకట్టి, ఊరంతా ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది. ఎదురుచూడటం తప్ప పని లేదు. పని లేనివాడికి కూర్చోవడమంత కష్టమైన పని మరొకటి లేదు. మా నాయన ఊరికే విత్తనాలు వేసే గొర్రు దగ్గరికి పోవడం, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు తాకినట్టు దాన్ని తాకి రావడం. నాకైతే అరికాళ్ళ కింద ఎవరో పొయ్యి ముట్టించినట్టు ఉండేది. నిలబడితే కూర్చోవాలనీ, కూర్చుంటే ఎటైనా పోవాలనీ. పోయి పోయి రోడ్డు మీది లైబ్రరీలో తేలేవాణ్ణి.

ఆ లైబ్రరీ గురించి ఒక మాట చెప్పాలి. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయిందని లోకం అనుకునేది. నేను మాత్రం అసలు చదువు అక్కడే మొదలైందని అనుకునేవాణ్ణి. తేనెటీగల పెంపకం నుంచి జలాంతర్గాముల దాకా ఆ బీరువాల్లో నేను వదిలిన పుస్తకం లేదు. కళ్ళద్దాలు కూడా అక్కడే సంపాదించాను. చిక్కల్లా ఒకటే. చదివినదాన్ని చదివినట్టు ఊరుకోబెట్టడం నాకు రాదు. తేనెటీగల పుస్తకం చదివి పెట్టె కట్టాను. ఈగలు వచ్చాయి, చూశాయి, వెళ్ళిపోయాయి. అంటుకట్టే పుస్తకం చదివి నాయన మామిడిచెట్టును సగం కోశాను. మిగతా సగం అదే ఎండిపోయింది. బావి తవ్వడం మొదలుపెట్టి నడుము లోతులో వదిలేస్తే ఊరి కుక్కలకు చల్లటి పడకగది అమరింది.

మా చెన్నప్ప మామకు ఈ చరిత్ర మొత్తం కంఠతా వచ్చు. మామ ఊరు కొండకిందపల్లె. ఒక్కతే కూతురు, భారతి. ఒకరోజు ఏదో వంక పెట్టుకుని వాళ్ళింటికి పోయాను. మజ్జిగ తాగి, గొంతు సవరించుకుని, పెళ్ళి మాట కదిపాను.

"ఏమప్పా నాగరాజూ, పుట్టినప్పట్నుంచి ఒగ పనన్నా మొదులుపెట్టి ముగించినావా?" అన్నాడు మామ.

"అదీ... తేనెటీగలు..."

"ఈగలు పోయినాయి. బాయి?"

"కుక్కలు..."

"కుక్కలు పండుకున్యాయి. ఒరే అల్లుడా, ఏదన్నా ఒగటి కడదాకా ముగించి నా కండ్ల ముందర సూపించు. అప్పుడు మాట్లాడదాం. అంతవరకూ ఈ ఇంట్లో మజ్జిగ తాగు, పో."

తలుపు వెనకనుంచి భారతి గొంతు వినిపించింది. "సదివే పుస్తకమన్నా చివరిదాకా సదువుతావా బావా, సగంలోనే లేచి బాయి తవ్వుతావా?"

నిజం చెప్పాలంటే, సగంలోనే లేచేవాణ్ణి.

అలాంటి రోజుల్లో నా చేతికి దొరికిందండీ ఆ పుస్తకం. మంచు పర్వతాలెక్కే తెల్లదొరల గురించి. వాళ్ళు ఒక శిఖరం ఎక్కి దిగిపోయే రకం కాదు. ఒకసారి పైకెక్కారంటే గట్టు వెంబడే నడుస్తూ, శిఖరం మీంచి శిఖరానికి పోతూ, మొత్తం చుట్టేసి, బయల్దేరిన చోటికే వచ్చి దిగుతారు. అది చదివి తలెత్తి కిటికీలోంచి చూస్తే ఎదురుగా మా కొండలు. లాడం ఆకారంలో ఐదు కొండలు. మా ఊరి వెనక మొదలై, అలా తిరిగి, నాలుగో కొండ కింద మామ ఊరిని తాకి, ఐదో కొండ మీదుగా మళ్ళీ మా ఊరికే వచ్చి దిగుతాయి. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న కొండలు. వాటి అర్థం ఆ రోజే తెలిసింది!

ఆ మధ్యాహ్నమే మామ ఊరికి కబురు పంపాను. "రేపు ఐదు కొండలూ చుట్టి సాయంత్రానికి ఇల్లు చేరుతాను. మొదలుపెట్టి ముగించడమంటే ఏమిటో అప్పుడు చూద్దురు."

పుస్తకంలో చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. పైకి పోయేకొద్దీ చలి కొరుకుతుంది, ఉన్ని తప్పనిసరి అని రాశారు. ఇంట్లో నల్ల గొర్రె బొచ్చు కంబళి ఉంది. కప్పుకున్నాను. మంచు మీద ఎండ పడి కళ్ళు దెబ్బతింటాయి, కళ్ళ కింద మసి పూసుకోవాలి అన్నారు. పొయ్యి మసి తీసి మొహానికి ధారాళంగా పట్టించాను. నడుముకు తాడు కట్టుకుని రెండో కొస సహచరుడి నడుముకు కట్టాలి అన్నారు. బావి మోకు నడుముకు కట్టుకున్నాను. సహచరుడు దొరకలేదు కాబట్టి రెండో కొసను వెనక వేలాడనిచ్చాను. నీళ్ళ బరువు మోయక్కర్లేదు, దారిలో మంచు కరిగించుకోవచ్చు అన్నారు. ఇక్కడ నన్ను మరీ తక్కువ అంచనా వేయకండి. మా కొండల మీద మంచు ఉండదని నాకు తెలుసు. మంచు అన్నచోట బండల్లో నీళ్ళు నిలిచే దొనలు అని మార్చుకుని చదువుకున్నాను. మూడేళ్ళ కరువులో ఆ దొనలు ఎలా ఉంటాయో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

తెల్లవారుజామున నాయన నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏమిరా ఈ యేసం? మేకేమన్నా తప్పిపోయిందా?"

"లేదు నాయనా. ఐదు కొండలెక్కి సాయంత్రానికి వస్తా."

"కట్టెలకా?"

"కాదు నాయనా."

"మరి ఏంటికి?"

"ఊరికే."

నాయన నన్ను కిందినుంచి మీదికి, మీదినుంచి కిందికి చూశాడు. "ఊరికే కొండెక్కేటోణ్ణి ఇంతవరకూ సూడలేదప్పా" అని గొర్రును తాకడానికి పోయాడు.

మొదటి కొండ మీద నేను రారాజును. తెచ్చుకున్న బొరుగులూ బెల్లమూ ఆ సంబరంలో అక్కడే తినేశాను. రెండో కొండ మీద మంత్రిని. మూడో కొండకు వచ్చేసరికి నేనెవరో నాకే తెలియలేదు. బండలు పెనాల్లా కాలుతున్నాయి. కంబళి లోపల నేను ఆవిరి మీద కుడుములా ఉడుకుతున్నాను. తీసేద్దామంటే, చలి ఎప్పుడైనా ముంచుకు రావచ్చని పుస్తకంలో రాసి ఉంది! చెమటకు మసి కరిగి మెడ దాకా జారింది. మొదటి దొన ఎండిపోయింది. రెండోదీ ఎండిపోయింది. మూడోదాంట్లో ఒక తొండ కూర్చుని, "నీళ్ళేమన్నా తెచ్చినావా?" అన్నట్టు నా వైపే చూసింది. మోకు కొస ముళ్ళకంపల్లో చిక్కుకుని అడుగడుక్కీ నన్ను వెనక్కి లాగుతోంది. అయినా ఆగలేదు. ఆగితే కాళ్ళు ఊరుకోవు, భారతి నవ్వూ ఊరుకోదు.

నాలుగో కొండ మీదికి చేరేటప్పటికి నడవడం మానేసి పాకుతున్నాను. అప్పుడు వచ్చింది వాసన. బెల్లం. యాలకులు. తలెత్తి చూస్తే ఎదురుగా నున్నటి పెద్ద బండ, దాని మీద పరుచుకున్న పాయసం. బండ నిండా పాయసం! చుట్టూ నరపురుగు లేదు.

ఎండకు మతి తప్పలేదులెండి. అదేమిటో నాకు తెలుసు. వాన రాకపోతే మా వైపు ఇంటింటికీ బియ్యం, బెల్లం ఎత్తి, కొండ మీద పాయసం వండి బండ మీద పోస్తారు. తర్వాత ఊరంతా చేతులు వెనక్కి పెట్టుకుని, పశువుల్లా వంగి, నాలుకతో నాకుతారు. అంత దీనంగా అడిగితే పైవాడికి జాలి పుడుతుందని. దాన్ని వరదపాశం అంటాం. మామ ఊరివాళ్ళు చేసుకుని, తినగలిగినంత తిని, మిగిలింది పక్షులకు వదిలి దిగిపోయారనుకున్నాను. కాస్త మిగులు తింటే తప్పేముంది? అయితే పద్ధతి పద్ధతే. వరదపాశం చేత్తో ముట్టకూడదు. ఎవరూ చూడకపోయినా ఆచారం తప్పని మనిషిని నేను. చేతులు వెనక్కి పెట్టుకునే ఓపిక లేక బండకు ఆనించి, నాలుగు కాళ్ళ మీద వంగి, నాకడం మొదలుపెట్టాను.

నాకు తెలియనిది ఒక్కటే. వాళ్ళింకా తినలేదు. పాయసం బండ మీద పోసి, పెద్ద రాతిగుండు వెనకున్న గంగమ్మకు టెంకాయ కొట్టడానికి పోయారు. ఊరంతా.

"ఎలుగ్గొడ్డురోయ్! పాశం నాకుతాండాది!"

నేను తలెత్తేలోపే, ఎలుగుబంటి అనుకుని మామ విసిరిన రాయి వీపు మీద పడింది. కంబళి వల్ల బతికాను. ఉన్ని సంగతి పుస్తకంలో ఊరికే రాయలేదు. నేనెవరో చెప్దామని లేవబోతే తొడలు పట్టేశాయి. రెండు చేతులూ పైకెత్తి ఊగుతూ నిలబడ్డాను.

"లేస్తాండాది! మీదికొస్తాండాది!"

"అన్నా, తోక సూడు ఎంత పొడుగుందో!"

"ఎలుగ్గొడ్డుకు అంత తోక యాడుంటాదిరా?"

"కరువు కదన్నా. ఏమైనా ఉంటాది."

"మామా" అని అరుద్దామంటే నోటినిండా పాయసం. బయటికొచ్చింది గుర్రుమనే చప్పుడు. రాళ్ళు వడగండ్లలా పడుతున్నాయి. ఆ ఏడు మా వైపు ఆకాశం నుంచి రాలిన మొదటివి అవే.

"నాయనా, ఆగు!" భారతి గొంతు. "ఆ ఎలుగ్గొడ్డుకు కండ్లద్దాలుండాయి!"

రాళ్ళు ఆగిపోయాయి. జనం మెల్లగా దగ్గరికొచ్చారు. మామ నా మొహంలో మొహం పెట్టి చూశాడు. నేను పాయసం మింగి, "నమస్కారం మామా" అన్నాను. కంబళీ, మసీ, తాడూ పుస్తకంలో చెప్పినవేనని కూడా వివరించాను.

మామ తల పట్టుకుని బండ మీద కూలబడ్డాడు. "ఎలుగ్గొడ్డయినా బాగుండు గదరా! దాన్నైతే ఎవురూ నా మేనల్లుడనరు!"

ఊరంతా ఒకటే గోల. పాశం ఎంగిలైంది, ఇంక గంగమ్మ మొహమన్నా చూస్తుందా అని. మామ లేచి నిలబడి అందరి ముందూ చేతులు జోడించాడు. "తప్పు మా ఇంటోనిదే. ఒగ మాట చెప్తాండా, అందరూ ఇనండి. వీనికి నా పాపనియ్యను. కావాలంటే నిజం ఎలుగ్గొడ్డుకిస్తా."

అప్పుడు ఊరికి పెద్ద దిక్కైన ఓబుళమ్మ అవ్వ కర్ర తాటించింది. "అరిస్తే వానొస్తాదా? ఎంగిలి పాశం ఊరు తినకూడదు. పారబొయ్యనూ కూడదు. మొదులుపెట్టినోడే ముగించల్ల."

"అంతానా అవ్వా?" అన్నాను.

"అంతా."

"రొండు గంగాళాలు పోసినాం" అని ఎవరో సాయంగా చెప్పారు.

మామ నా నడుముకున్న మోకు విప్పి, నా చేతులు వెనక్కి విరిచి కట్టాడు. "తాడు కట్టుకోమని నీ పుస్తకంలో రాసినారు గదా. ఇదో, ఇందుకే."

నాకాను. ఊరంతా చుట్టూ కూర్చుంది. మొదటి బారెడు బండ రుచిగానే ఉంది. తర్వాత రుచి పోయింది. ఆ తర్వాత నాలుక పోయింది. భారతి పక్కనే వంగి చూస్తూ, "బావా, ఈడ కొంచెం మిగిలిపాయ" అని చూపిస్తోంది. మామ మాత్రం కన్నార్పకుండా చూస్తున్నాడు. నేను ఎప్పుడు వదిలేసి లేస్తానా అని. సగం దగ్గర నిజంగానే లేవబోయాను. ఈగలూ, మామిడీ, కుక్కల గదీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. మామ పెదాల మీద చిన్న నవ్వు మొదలైంది. మళ్ళీ వంగాను. పొద్దు వాలేసరికి బండ అద్దంలా మెరిసింది.

తర్వాత నన్ను నా కంబళిలోనే చుట్టి నలుగురు మోసుకుని మామ ఇంటికి దింపారు. ఐదో కొండ ఎదురుగా నిలబడి నన్ను చూస్తూనే ఉంది. నేను దాని వైపు తిరగడానికి కూడా పొట్ట అడ్డమొచ్చింది.

నేనింకా మామ ఇంట్లో మంచం మీద ఉండగానే వాన వచ్చింది. అయితే మామ ఊళ్ళో కాదు. మా ఊళ్ళో! ఐదో కొండ మీద గీత గీసినట్టు ఆగిపోయింది. అటు వాగులూ వంకలూ పారుతున్నాయి, ఇటు దుమ్ము లేస్తోంది. కొండకిందపల్లె జనమంతా మామ వాకిట్లో చేరారు.

"బెల్లం మాది, బియ్యం మాది, బండ మాది. వాన వాళ్ళకా?"

"మన కూడు తిని వాళ్ళూరికి తెప్పించుకున్యాడు!"

అవ్వ వచ్చి తేల్చింది. "తిన్నోడు యా ఊరోడో వాన ఆ ఊరికి పాయ. వానమోడానికి బియ్యం ఎవురివో ఏం తెలుస్తాది?"

అదే సమయానికి మా నాయన నన్ను తీసుకుపోదామని మోకాళ్ళ దాకా బురదతో బస్సు దిగాడు. ఊరంతా ఆ బురద చుట్టూ మూగింది. మామ ఆ బురద కాళ్ళను చాలాసేపు చూశాడు. తర్వాత నా మంచం వైపు చూశాడు.

"బావా, మీవాణ్ణి మాకియ్యి. నా పాపనిస్తా, ఇల్లరికం తెచ్చుకుంటా. వీడు ఈ ఊరోడైతే వాన యాడికి పోతాదో నేనూ సూస్తా."

"ఎలుగ్గొడ్డుకిస్తానంటివంట?" అన్నాడు నాయన.

"అంటి. అయినా నా కండ్లారా సూస్తి. పుట్టినప్పట్నుంచి వీడు కడదాకా ముగించిన పని ఆ పాశం నాకిందొగటే. మాటంటే మాటే."

"సరే, తీసుకో. విత్తేది అయిపోనీ, పంపిస్తా."

"అప్పటిదాకా యాడ బావా! మోడముండంగానే కావల్ల. ఈడే ఉండనీ."

తలుపు వెనక భారతి ఆపుకోలేక నవ్వుతోంది. పెళ్ళి మాటలైన వారానికి కొండకిందపల్లెలోనూ వాన పడింది. శ్రావణం వచ్చింది కాబట్టి పడిందంటాను నేను. ఊరు ఒప్పుకోదు. ఇప్పటికీ చినుకు ఆలస్యమైతే మా వాకిట్లో జనం చేరతారు. "అల్లుడున్యాడా? కంబళి ఎత్తుకోమను."

ఆ రోజు సాయంత్రానికి ఇంటికి వస్తానని చెప్పి బయల్దేరినవాణ్ణి, ఇన్నేళ్ళయినా నడిచి చేరలేదు. బస్సులో పోయొచ్చినవి లెక్కలోకి రావు. నేను బస్సు దిగినప్పుడల్లా నాయన అదే మాట అడుగుతాడు. "ఏమప్పా, ఇంకా పొద్దు గూకలేదా?"

కాబట్టి గంగమ్మ సాక్షిగా, లైబ్రరీ బీరువాల సాక్షిగా, చిలక్కొయ్యకు వేలాడుతున్న ఆ నల్ల కంబళి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఐదో కొండ ఎక్కను. చేతకాక కాదు. ఎక్కితే ఆ చుట్టు పూర్తయి నేను మా ఊరివాణ్ణయిపోతానట. వాన నా వెనకాలే వచ్చేస్తుందట. అందుకని మామ ఆ కొండ దారికి అడ్డంగా ముళ్ళకంప కొట్టించాడు.