బ్యాడ్జీ మీద దేశం పేరు

2000 సంవత్సరం. సింగపూర్‌లో టోవా పాయో అనే పేటలో అద్దె ఫ్లాట్, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఒక పాశ్చాత్య దేశపు ఎంబసీ అక్కడ పెట్టిన టెలికాం సదస్సుకి రిజిస్ట్రేషన్ సిస్టమ్ నేనే రాశాను. చైనా తన టెలికాం రంగంలోకి బయటి కంపెనీలను రానిస్తున్న రోజులవి. అక్కడి బృందం మొదటిసారి వస్తోందని ఎంబసీ వాళ్లు ఏడాదిగా కాచుక్కూర్చున్నారు.

ఫారంలో దేశం పేరు ఎంచుకునే జాబితాని డ్రాప్‌డౌన్ అంటాం. ఆ జాబితా ఎక్కడో దొరికితే చదవకుండానే ఎక్కించేశాను.

సదస్సు రోజు పొద్దున ఎనిమిదింటికి చైనా బృందం కార్యదర్శి కౌంటర్ ముందు ఆగిపోయాడు. ట్రేలో లిన్ అనే వ్యాపారి బ్యాడ్జీ ఉంది. పేరు కింద 'కంట్రీ: తైవాన్'.

"ఇది మీ ప్రభుత్వ వైఖరా?" అని ఎంబసీ అధికారిణి మార్గరెట్‌ని అడిగాడు. "తైవాన్ చైనాలో భాగం. ఇది మార్చందే మావాళ్లు లోపలికి రారు."

ఆమె గడియారం చూసుకుంది. నన్ను పక్కకి పిలిచి, "చైనా అని మారిస్తే లిన్ వెళ్లిపోతారు, ఆయన వెనకే తైవాన్ వాళ్లంతా. మార్చకపోతే వీళ్లు పోతారు. తొమ్మిదింటికి మా మంత్రి ప్రసంగం. ఏం చేయగలవు?" అంది.

ఉద్యోగం పోతే, ఇక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ కూడా పోతుంది. ఇంట్లో మా ఆవిడకి ఏడో నెల.

"దేశం తీసేద్దాం మేడమ్. అందరికీ ఊరి పేరే వేద్దాం. అడ్రసులో ఎలాగూ ఉంది."

ఆమె రాయబారికి ఫోన్ చేసి, నా వైపు తలూపింది. రెండు ప్రింటర్ల మీద రెండు వందల బ్యాడ్జీలు మళ్లీ తీశాం. మధ్యలో ఒకదాంట్లో కాగితం ఇరుక్కుంటే నా ప్రాణం పోయినంత పనైంది. కార్యదర్శి తన బ్యాడ్జీ మీద 'బీజింగ్' చూసుకుని, బృందాన్ని లోపలికి తీసుకెళ్లాడు.

లిన్ గారికి కొత్త బ్యాడ్జీ నేనే ఇచ్చి సారీ చెప్పాను. అరవై ఏళ్ల మనిషి. దాని మీద 'తైపే' అని చదువుకున్నారు.

"తైపేలో మా ఆఫీసు ఉంది, అంతే. నేను పుట్టిందీ, ఉంటున్నదీ తైనాన్‌లో," అన్నారు మెల్లగా. "దేశం ఎలాగూ తీసేశారు. ఊరన్నా నాది వేయొచ్చుగా?"

పరుగెత్తి వెళ్లి ఇంకొకటి ప్రింట్ చేశాను.

సదస్సు సజావుగా జరిగింది. మార్గరెట్ మా బాస్ దగ్గర నన్ను మెచ్చుకుంది కూడా. కానీ రెండు ప్రభుత్వాలకీ నొప్పి కలగకుండా చూడాలని అంత కంగారుపడ్డ ఆ గంటలో, ఆ కార్డు మెళ్లో వేసుకోవాల్సిన మనిషిని ఒక్క మాట అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత నేను రాసిన ఏ ఫారంలోనూ, మనిషిది ఏ ఊరో అతని బదులు నేను నింపలేదు.