మెట్లెక్కి వచ్చారుగా

ఆసుపత్రి మేడమీద బీపీ చూసే నర్సమ్మకు తొందరంటే గిట్టదు. రొప్పుతూ వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి చుట్టే పట్టీ ఒళ్లో పెట్టుకుని ఊరుకుంటుంది. "మెట్లెక్కి వచ్చారుగా! మీరు కూర్చున్నారు గానీ గుండె ఇంకా మెట్లెక్కుతూనే ఉంది. దాన్నీ కూర్చోనివ్వండి," అంటుంది. భయపడ్డా, ఆయాసపడ్డా రక్తపోటు పెరుగుతుందనీ, కాస్త ఆగితే ఒళ్లే దాన్ని దారికి తెచ్చుకుంటుందనీ విసుక్కోకుండా చెబుతుంది. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు. నర్సమ్మ విషయంలో చెట్టుకే తన పెరడు కనబడలేదు. సొంత అక్క వచ్చిననాడు జనం గుమ్మం దాటి ఉన్నారు. అక్క నిలబడే చెయ్యి చాపింది. అంకె బాగా ఎక్కువొచ్చింది.

"ఎంతుందే?"

"మెట్లెక్కొచ్చావు కదక్కా, అందుకే. కాసేపాగి మళ్లీ చూస్తాలే."

మళ్లీ చూడలేదు. చెల్లెలి పనికి అడ్డమెందుకని అక్క చెప్పకుండానే వెళ్లిపోయింది. వారం తిరక్కుండా పక్షవాతం వచ్చి కుడిపక్కా, మాటా పడిపోయాయి.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నర్సమ్మ పట్టీ తీసుకుని అక్క మంచం పక్కన కూర్చుంటుంది. చూడగానే అక్క ఎడమచెయ్యి చాపుతుంది. నర్సమ్మ వెంటనే చుట్టదు. ఏ మెట్లూ ఎక్కని ఆ మనిషి ముందు, పట్టీ ఒళ్లో పెట్టుకుని, తలొంచుకుని కాసేపు ఆగుతుంది. అక్క చాపిన చెయ్యి తియ్యదు.